అక్కడ ఇప్పుడు చలికాలం

దోహాలో, నజ్మా పేటలో నాతో ఒకే గదిలో ఉండి వచ్చిన మల్లేశం మొన్న ఫోన్ చేశాడు. వానల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడి, పెట్టేసే ముందు, "మజ్రా పెద్దమ్మ పోయిందట, నీకెరుకేనా?" అన్నాడు. అమలాపురం దగ్గర సొంతూళ్లోనే పోయిందట. పడుకున్న మనిషి పొద్దున లేవలేదట. అంతకుమించి అతనికీ తెలియదు.

నేనప్పుడు ఆర్మూరులో మా దుకాణం ముందు ఒక పాత ఏసీ విప్పి నీళ్లు కొడుతున్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని పైపు అందుకోబోతే, వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూశాను. రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ లేదు. ఆమె బతికున్నప్పుడు కూడా అంతే. ఆమె ఉన్నచోట మనిషి మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకునేవాడు. ఒక్కోసారి ఆమె నిజంగానే అక్కడ ఉండేది.

ఖతర్‌లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. డ్రైవరుకూ, తోటమాలులకూ, నాకూ పెద్దమ్మే. మజ్రా యజమాని, అరబ్బు ముసలాయన, ఆయన్ని అందరం బాబా అనేవాళ్లం, ఆయన కూడా మా నోట విని "బెద్దమ్మా" అని పిలిచేవాడు. వాళ్ల నోటికి 'ప' తిరగదు. మజ్రా అంటే తోట. డబ్బున్న అరబ్బులు ఊరి బయట ఖర్జూరం చెట్లు వేసుకుని, ఒక ఇల్లు కట్టుకుని, సెలవు రోజుల్లో వచ్చి కూర్చుంటారు. బాబా మజ్రా దోహాకు ఉత్తరాన, అల్ ఖోర్ రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చేది.

అవి చమురు ధర రోజురోజుకూ పైకి పోతున్న ఏళ్లు. ఎటు చూసినా క్రేన్లే. గుర్రాలకు ఏసీ పెట్టించినవాళ్లున్నారు, డేగలకు పెట్టించినవాళ్లున్నారు. మా కంపెనీలో నేను చిల్లర్ మెకానిక్‌ని. పెద్ద భవనాలను చల్లబరిచే యంత్రాలు చూడటం నా పని. ఒక జూన్ నెల మధ్యాహ్నం, మజ్రాలో అద్దాల గది చిల్లర్ చప్పుడు చేస్తోందంటే పంపారు. పూలమొక్కల గది అనుకుని పోయాను.

బయట ఎండకు కళ్లు తెరవలేకపోతున్నాను. తలుపు తోసి లోపలికి అడుగు పెడితే ఒళ్లు జలదరించింది. మా ఊళ్లో సంక్రాంతి ముందు తెల్లవారుజామున ఉండే చలి. లోపల ఎర్రటి ఇసుక. ఆ రంగు ఇసుక ఖతర్‌లో ఎక్కడా లేదు. బూడిదరంగు పొదలు, ఎండు కట్టెలు, రాళ్లు. దీపాలు మసకగా ఉన్నాయి. ఒక్క ప్రాణి కనబడలేదు. రెండుసార్లు అటూ ఇటూ చూసి, పనిముట్ల సంచి కింద పెట్టాను.

"తలుపెయ్యి బాబూ. చలి పోతాది."

గిరుక్కున తిరిగాను. నేను చూసిన రెండు పొదల మధ్యే కూర్చుని ఉంది. స్వెటరు, తలకు మఫ్లరు, దాని మీద కొంగు. యాభై దాటిన మనిషి. మొహంలో ఏదీ కదలడం లేదు.

"ఇంత చలి ఎవరికి పెద్దమ్మా?" అన్నాను.

"వాళ్లకి. అక్కడ ఇప్పుడు చలికాలం" అంటూ నేల వైపు వేలు చూపింది. మన కాళ్ల కింద, భూమికి అవతలి పక్కన ఇంకో దేశం ఉంటుందనీ, మనకు ఎండలు కాసినప్పుడు వాళ్లకు చలి పెడుతుందనీ నేను బళ్లో చదువుకున్నదే. ఆమె చెబుతుంటే మాత్రం ఆ చలి ఆ ఇసుకలోంచే పైకి వస్తున్నట్టు అనిపించింది.

ఆమె పక్కన ఎండుటాకుల్లో ఉన్నవాటిని అప్పుడు చూశాను. మొదట ఎండిపోయిన సీతాఫలాలనుకున్నాను. అదే తొక్క, అవే బొడిపెలు, అదే నల్లటి గోధుమరంగు. జానెడుకు కాస్త ఎక్కువ పొడవు. రెండు చివర్లూ ఒకేలా మొద్దుగా ఉన్నాయి.

"తలేదో సెప్పు సూద్దాం" అంది.

చూపించాను. నేను చూపించని చివర నోరు తెరుచుకుని, అందులోంచి సిరా ముద్దలాంటి నీలం నాలుక బయటికి వచ్చింది. వెనక్కి దుమికాను.

"అందరూ తోకకే దండం పెడతారు" అంది, నవ్వకుండా.

అవి ఆస్ట్రేలియా బల్లులు. మన నలికండ్ల పాముల జాతివే. బాబాకు ఒకప్పుడు బావులు తవ్వే ఆస్ట్రేలియా ఇంజనీరు స్నేహితుడు ఉండేవాడట. వాటిని ఎలా తెప్పించారో అడగకూడదని డ్రైవరు నాకు ముందే చెప్పాడు. ఆ దేశం నుంచి వాటిని బయటికి తేవడం నేరమని తర్వాత తెలిసింది. మొదట ఇంకొన్ని ఉండేవట. చివరికి ఒక ఆడదీ ఒక మగదీ మిగిలాయి. ఆ రెండింటి కోసం అంత గది, అంత చిల్లర్. నజ్మాలో మా గదిలో గోడకున్న ఏసీ కింద ఎవరు పడుకోవాలని మేం వంతులు వేసుకునేవాళ్లం.

బాబా తనకొచ్చిన హిందీలో ఆమెకు చెప్పేవాడు, ఆమె తనకు అర్థమైనంత నాకు తెలుగులో చెప్పేది. ఆయన చెప్పింది ఎంతో, ఆమె కూర్చుని చూసింది ఎంతో నేను విడదీయలేను. అక్కడ అంతా చదునైన ఎండు నేలట. వాన దానికి బుద్ధి పుట్టినప్పుడు పడుతుంది. ఆకులు నాకితే ఉప్పగా ఉండే బూడిదరంగు పొదలు, వాటి కింద రాలిన ఆకులు, ఆ ఆకుల్లో వీళ్ల కాపురం. సొంతంగా బొరియ తవ్వుకోరు. ఎండ ముదిరినా చలి ముదిరినా ఇంకొకరు తవ్వి వదిలిన బొరియలో దూరతారు. పూలు తింటారు, నత్తలు తింటారు, రాలిన పళ్లు తింటారు. ఆ తిండి కొవ్వుగా మారి తోకలో దాక్కుంటుంది, కరువు రోజుల్లో దాని మీదే బతుకుతారు. గుడ్లు పెట్టరు, పిల్లల్నే కంటారు.

"ఏడాదిలో సానా భాగం ఎవరి దారి వాళ్లది" అని చెప్పింది ఒకసారి. "మనకి వానలెనకబట్టే రోజుల్లో అక్కడ వసంతం. అప్పుడు మాత్రం ఇతను ఆవిడ్ని ఎతుక్కుంటా ఎల్తాడు. ఎవరో ఒకావిడ కాదు, ఆవిడే. నెలా రెణ్ణెల్లు ఎనకాలే నడుస్తాడు. ఆవిడ తింటంటే ఇతను తినడు, తలెత్తి కాపలా కాత్తాడు. ఒకరు సచ్చేదాకా అంతే."

"సచ్చినంక?"

"సూళ్లేదు ఇంకా" అంది.

ఆమె చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి. టీ గ్లాసు అందిస్తుంటే వేళ్లు తగిలి ఉలిక్కిపడేవాణ్ని. చెప్పులు తలుపు బయట వదిలి ఇసుక మీద నడిస్తే చప్పుడు ఉండదు సరే, వంటగది గచ్చు మీద కూడా ఆమె నడక వినిపించేది కాదు. నిజానికి ఆమె మజ్రా పనివాళ్లకు వంటమనిషిగా వచ్చింది. బల్లుల్ని చూసే అతను మానేసి పోతే ఆ పనీ ఆమె మీద పడింది. వంట ముగించి మధ్యాహ్నాలు ఆ చలిలో కూర్చునేది, కూర్చుని ఏమీ చేసేది కాదు. పనిలో పడి నేను ఆమె సంగతి మరిచిపోయేవాణ్ని. ఉన్నట్టుండి ఒక పొద మాట్లాడినట్టు ఆమె మాట్లాడేది.

వారానికోసారి వాటి మేతకు ఆకూ పువ్వూ ఏరుకురావడానికి ఎడారిలోకి పోయేది. ఖతర్ ఎడారిలో అక్కడక్కడా నేల పళ్లెంలా లోపలికి దిగి ఉంటుంది. వాన నీళ్లన్నీ అందులోకి చేరి నాలుగు పొదలు మొలుస్తాయి. రౌదా అంటారు. మజ్రా డ్రైవరు నేపాలీ అతను. అతనే ఆమెను తీసుకుపోయేవాడు. ఒకసారి నాతో హిందీలో గొణిగాడు. ఆమె ఆకులు కోసేది కాసేపేనట. తర్వాత నేల వైపే చూస్తూ ఎటో నడుస్తుందట. ఆ రౌదా అంచున ధబ్‌ల బొరియలు ఉన్నాయి. ధబ్ అంటే మన ఉడుమంత ఉండే అక్కడి ముళ్లతోక బల్లి. ఆ బొరియల దగ్గర వంగి లోపలికి మాట్లాడుతుందట.

"ఏం మాట్లాడుతుంది?"

"పిలుస్తుంది భాయ్, ఎవర్నో. పిలిచి, చెవి పెట్టి వింటుంది. నేను బండి దిగను."

నేను ఆమెనే అడిగాను. దాచలేదు. ఆమెకు ఒక తమ్ముడు ఉండేవాడు. తల్లి కూలికి పోతే ఈమే చంకనేసుకుని పెంచింది. రాస్ లఫాన్‌లో గ్యాస్ పైపులు వేస్తున్న తొలి రోజుల్లో ఖతర్ వచ్చి, కందకాలు తవ్వే పనిలో చేరాడు. ఒక వేసవిలో ఫోన్లు ఆగిపోయాయి. కంపెనీవాళ్లు ఖల్లివెల్లి అన్నారు. చెప్పకుండా క్యాంప్ వదిలి పారిపోయి, కాగితాలు లేకుండా ఎక్కడో దొంగతనంగా పని చేసుకునేవాణ్ని గల్ఫ్‌లో అలా అంటారు. అతని పెట్టె మాత్రం ఊరికి వచ్చింది.

"పెట్లో కొత్త సెప్పులున్నాయి బాబూ. కొని కాగితం కూడా ఇప్పలేదు. పారిపోయేవోడు కొత్త సెప్పులు వదిలేసి పోతాడా?"

అందుకే వచ్చింది. బాబా కూడా తనకు తెలిసిన ఆఫీసుల్లో అడిగించాడు. కంపెనీయే మూతపడింది. తమ్ముడు పని చేసిన చోటు ఆ రౌదాకు దగ్గరని మాత్రం తెలిసింది.

"మరి బొక్కలల్ల ఎందుకు పిలుస్తవు పెద్దమ్మా?"

ఆమె నా వైపు, ఇంత కూడా తెలియదా అన్నట్టు చూసింది. "ఎండలో నడిసేవోడు నీడ కోసం ఎటెల్తాడు? ఆ నేల మీద నీడ ఎక్కడుంది? ఉంటే కిందే ఉంది."

బాబా ఒక డిసెంబరులో పోయాడు. కొడుకులు వచ్చారు. మంచివాళ్లే, ఎవర్నీ కసరలేదు. కానీ ఆ స్థలంలో విల్లాలు కట్టాలనుకున్నారు. అద్దాల గది చిల్లర్ విప్పి తీసుకుపొమ్మని మా కంపెనీకి పని వచ్చింది, ఆ పని నాకే వచ్చింది. బల్లుల సంగతి ఏమిటని పెద్దమ్మ అడిగితే, ఎవరికైనా ఇచ్చేయమని ఒకడు, బయట వదిలేయమని ఇంకొకడు అన్నారట. ప్రభుత్వానికి అప్పగిస్తే ఎలా వచ్చాయని అడుగుతారు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

నేను పనిముట్లతో పొద్దున్నే పోయాను. పొగమంచు. చలికాలంలో సముద్రం వైపు నుంచి వచ్చి ఖతర్‌ను మింగేస్తుంది. బండి ముందు భాగం కూడా సరిగా కనబడదు. మజ్రా గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట. మూత ఒకవైపు కొంచెం పైకి లేచి, మళ్లీ కిందికి దిగింది.

"రౌదాకి పోనీ బాబూ" అని పక్కన ఎక్కి కూర్చుంది.

"వేడి తట్టుకుంటయా పెద్దమ్మా? మేలో సచ్చిపోవా?"

"కిందకి ఎల్తే బతుకుతారు. గది కూలగొడితే రేపే పోతారు."

రోడ్డు దిగాక ఆమె చెప్పిన చోటల్లా తిప్పాను. చక్రాల కింద గులకరాళ్ల చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదు. "ఇక్కడ" అంది. ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. దిగితే నిజంగానే కాళ్ల దగ్గర ఆ బూడిదరంగు పొదలు ఉన్నాయి, ఆకుల మీద మంచు చుక్కలతో. ఆమె బుట్ట మూత తీసి కింద వాల్చింది. ఆడది ముందు బయటికి వచ్చింది. తల ఎత్తి, నీలం నాలుక చాపి గాలి రుచి చూసింది. మెల్లిగా, కడుపు ఈడ్చుకుంటూ పొదల మధ్యకు నడిచింది. మగది వేరే దారి పట్టింది. రెండూ మంచులోకి పోయాయి. వాటి వెనకే ఆమె కూడా పోయింది.

చాలాసేపు బండికి ఆనుకుని నిలబడ్డాను. మంచులో చప్పుడు కూడా చచ్చిపోతుంది. "పెద్దమ్మా" అని పిలిచాను. బదులు లేదు. గట్టిగా పిలిచాను.

"ఆఁ."

ఆమె పోయింది నా ముందు వైపు. ఆ "ఆఁ" వచ్చింది నా వెనక నుంచి. వెనక్కి తిరిగి కొంత దూరం నడిచాను. రాళ్లు, పొదలు. మళ్లీ పిలిచాను. ఈసారి "ఆఁ, ఇక్కడ" అని మొదట ఆమె పోయిన వైపు నుంచే వినిపించింది. పరుగెత్తాను. బోర్లా పడుకుని ఉంది. చెయ్యి భుజం దాకా ఒక బొరియలో ఉంది. చెంప నేలకు ఆనించి ఉంది. పడిపోయిందేమోనని భుజం పట్టుకున్నాను. కళ్లు తెరిచి, "లోపల ఎచ్చగా ఉంది. విశాలంగా ఉంది. బతుకుతారు" అంది.

బండిలో కూర్చున్నాక అడిగాను. "మొదట పిలిస్తే ఎనక నుంచి పలికినవేంది, అటెప్పుడు పోయినవు?"

ఆమె కొంగుతో చేతి మన్ను తుడుచుకుంటోంది. తుడుచుకోవడం ఆపింది.

"నేను ఒక్కసారే పలికాను బాబూ" అంది.

నేను బండి తీశాను. ఆమె అద్దంలోంచి ఆ తెల్లదనంలోకి చూస్తూనే ఉంది, రోడ్డెక్కేదాకా. ఇన్నేళ్లలో దానికి నేను ఎన్నో కారణాలు చెప్పుకున్నాను. మంచులో గొంతు తికమక పెడుతుందని, ఒంటెల కాపరి ఎవరో ఉండి ఉంటాడని. చెప్పుకున్న ప్రతిసారీ ఆ గొంతు మగ గొంతని గుర్తొస్తుంది.

తర్వాత ఆమె దోహాలో ఒక ఇంట్లో వంటకు కుదిరింది. శుక్రవారం మెసైమీర్‌లో చర్చికి పోయేది. నేను ఎప్పుడైనా ఫోన్ చేస్తే, వాళ్లెలా ఉన్నారో అని ఆ బల్లుల గురించే అనేది.

ఒక ఎండాకాలం దాటాక, మార్చిలో మా ఊరి భూమయ్య ఫోన్ చేశాడు. రాస్ లఫాన్ పోయే దారిలో వాళ్ల క్యాంప్.

"అన్నా, మా క్యాంప్‌ల ఏందో అయితుందే. నిన్న రెండు తలల పురుగొకటి వచ్చింది. పామనుకుని పారతోని కొట్టినం. సచ్చింది. గోడ అవతల గుంత తీసి బొంద పెట్టినం. పొద్దుగాల చూస్తే గుంత మీద కూసున్నది. గదే. పానంతోని."

శుక్రవారం నేను కంపెనీ పికప్‌లో మెసైమీర్ పోయి, ప్రార్థన నుంచి బయటికి వస్తున్న ఆమెను ఎక్కించుకున్నాను. తెల్లచీర కట్టుకుని ఉంది. నేను చెప్పింది విని ఒక్క ప్రశ్న వేయలేదు. దారి పొడవునా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

క్యాంప్ మగవాళ్లంతా గోడ దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ దాటి అవతలికి పోవడం లేదు. చెప్పకుండా అలాంటిచోటికి ఒక ఆడమనిషి, తెల్లచీరలో, చప్పుడు లేకుండా నడిచి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు వెనక్కి జరిగారు. ఆమె నేరుగా గోడ అవతలికి పోయింది. చిన్న మట్టి దిబ్బ. దాని మీద ఆ బల్లి, తల ఎత్తి, కదలకుండా. ఆమె పక్కన కూర్చుని, చేత్తో మట్టి పక్కకు తీసింది. కింద చచ్చిన దాని వీపు కనబడింది.

"సచ్చింది తిరిగి రాలేదు నాయనా. సచ్చింది ఆడది. ఇతను దాని మొగుడు" అంది వాళ్లతో. "ఎనకాలే నడుసుకుంటా వచ్చుంటాడు."

ఆమెకు ఏదో తట్టినట్టు నా వైపు తిరిగింది. "సూసావా బాబూ, ఇప్పుడు అక్కడ వసంతం కాదు. ఇక్కడి వసంతం ఇది. అక్కడి లెక్క మర్చిపోయారు. ఈ నేల లెక్కకి వచ్చేసారు."

మగది వంగి, నాలుకతో చచ్చిన దాని వీపు తాకింది. మళ్లీ తల ఎత్తింది. మనుషులు ఇంత దగ్గర ఉన్నా పారిపోలేదు. ఏదో ఒకటి అనాలని, "నీ లెక్కనే ఉన్నది పెద్దమ్మా" అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. నేను చూసిన కోపం అదొక్కటే. "నాకూ దానికీ పోలికేంటి? దానికి వాసన దొరికింది. దొరికినచోట కూకుంది. నాకేం దొరికింది?"

ఆ మాటతో గుంపులోంచి ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. జగిత్యాల దిక్కు మనిషి, షట్టరింగ్ కార్పెంటర్, క్యాంప్‌లో అందరికంటే పాతవాడు. అందరూ కాకా అని పిలుస్తారు.

"మీది అమలాపురం దిక్కా అమ్మా?"

"ఆయ్" అంది ఆమె.

కాకా మొహం మారిపోయింది. "గట్లనే అనేటోడు ఒకడు. మాటకు ముందు ఆయ్, మాటకు ఎనక ఆయ్. కందకం పనికి వచ్చిండు. బక్క పిలగాడు, కనుబొమ్మ మీద గాటు."

"నాగలి తగిలింది సిన్నప్పుడు" అంది ఆమె. గొంతు ఏమాత్రం మారలేదు. "మా తమ్ముడు."

కాకా గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. అక్కడి నుంచే చెప్పాడు. "గా యేడు మస్తు ఎండలు. అమ్మకు బాగలేదని ఫోనొచ్చింది వానికి. ఇంటికి పంపుమని ఫోర్మన్‌ను అడిగిండు. మాఫీ, లేదు పో అన్నడు. దోహా పోయి ఎంబసీలనే అడుగుత అని పనికాడికెల్లే నడుసుకుంట పోయిండు. రోడ్డు ఇటు. వాడు పోయింది అటు. ఒంటెలు కాసే సూడాన్ ఆయన చూసొచ్చి చెప్పిండు. మేం పోయేవరకు ఇగ ఏం లేదమ్మా. పోలీసులొస్తే అందర్నీ లోపలేస్తరని భయం. వాడు ఖల్లివెల్లి, నోర్లు మూసుకోండ్రి అన్నడు ఫోర్మన్. మేమే గుంత తీసినం. మా తువ్వాల మొహం మీద కప్పినం. వాడు ఏసయ్య మనిషని ఎరుకనే. గాని మాలో ఎవ్వరికీ గా ప్రార్థన రాదు. సూడాన్ ఆయన తనకొచ్చిన నమాజే చదివిండు."

ఆమె అంతా విని, "సూపించు అన్నా" అంది.

నడిచి పోయేంత దూరమే. రోడ్డు దాటి, చదును నేల మీద పోతూ ఉంటే, ముందు ఆ పొదలు కనబడ్డాయి. మేం బల్లుల్ని వదిలిన రౌదా. దాని అంచున, చెదిరిపోయిన కొన్ని రాళ్ల దగ్గర కాకా ఆగాడు. ఒంటెలు తొక్కి తొక్కి అది సమాధిలా లేదు, రాళ్లు పడి ఉన్న చోటులా ఉంది. రాళ్ల పక్కనే ఒక ధబ్ బొరియ, నల్లగా నోరు తెరుచుకుని.

ఆమె నిలబడే ఉంది. ఆ బొరియనే చూస్తోంది.

"ఇందులోకి పిలిచాను బాబూ. సానాసార్లు" అంది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు ఒక్కొక్కటే తెచ్చి వరసగా పేర్చింది. కాకా సాయం రాబోతే వద్దనలేదు. పెదవులు కదిలాయి, ప్రార్థన కావచ్చు. అదయ్యాక మంచినీళ్ల సీసా తీసి రాళ్ల మీద పోసి, మిగిలింది తను తాగి, లేచింది. మేం అనుకున్నదానికంటే చాలా త్వరగా లేచింది.

"ఎంబసీల అడుగుదాం పెద్దమ్మా. తీయించి ఊరికి పంపిద్దాం" అన్నాను.

"ఆ వారమే అమ్మ కూడా పోయింది. ఊళ్లో ఎవరికి పంపుతావు? కదపకు."

తిరిగి వచ్చేసరికి మగ బల్లి దిబ్బ మీదే ఉంది. దాన్ని ముట్టుకోవద్దని ఆమె క్యాంప్‌వాళ్లతో చెప్పింది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరో మూతలో నీళ్లు కూడా పెట్టారట. కొన్నాళ్లు అలాగే ఉండి, ఒక పొద్దున కనబడలేదని భూమయ్య తర్వాత చెప్పాడు. ఎటు పోయిందో అడుగుజాడ కూడా దొరకలేదట.

నేను బండి తాళాలు తీశాను. ఆమె బండి వైపు రాలేదు. క్యాంప్ వంటగది ఎటని అడిగింది. చెంగు నడుముకు దోపి, పెద్ద గిన్నెలో బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. గుడ్లు ఉడకేసింది. చింతపండు పులుసు కలిపింది. అడ్డు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఉల్లిపాయలు తరిగిపెట్టినవాళ్లు తరిగిపెట్టారు, నీళ్లు మోసినవాళ్లు మోశారు. మధ్యాహ్నం మెస్ గచ్చు మీద మగవాళ్లంతా వరసల్లో కూర్చున్నారు. ఆమె వడ్డించింది. శుక్రవారం సెలవు రోజు, ఎప్పుడూ పాటలతో గోల చేసే ఆ మెస్‌లో గరిటె చప్పుడు తప్ప వినబడలేదు.

కాకా పళ్లెంలో చెయ్యి పెట్టలేదు. అన్నం చల్లారిపోతోంది. తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె అందరికీ రెండోసారి వడ్డించి, ఆయన వెనకకు వచ్చి నిలబడింది. ఆయనకు తెలియలేదు. ఆమె వంగి, ఆ చల్లటి చెయ్యి ఆయన భుజం మీద వేసింది. కాకా ఉలిక్కిపడి తల ఎత్తాడు.

"మొహం మీద గుడ్డ కప్పావు కదా అన్నా. తిను" అంది.

ఆయన ముద్ద కలిపాడు. అది నోటి దాకా పోయే వరకూ ఆమె అక్కడే ఉంది.